కందగడ్డలతో ఉడికిన కత్తి

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియని విషయం ఉండదు. వయసు పెరుగుతున్నకొద్దీ ఒక్కొక్కటే తెలియకుండా పోతుంది. ఆ వయసులో నేను ఆర్మూర్ పసుపు యార్డులో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో బస్తాలు తూకం వేయించే పనిలో ఉండేవాణ్ణి. పొద్దంతా పసుపు దుమ్ములో మునిగి, సాయంత్రానికి హల్దీ ఫంక్షన్ నుంచి పారిపోయి వచ్చిన పెళ్లికొడుకులా ఇంటికి చేరేవాణ్ణి. దుకాణంలో గానీ ఇంట్లో గానీ నాతో వాదించి గెలిచినవాళ్లు లేరని నా నమ్మకం. (గెలవలేక కాదు, విసిగిపోయి లేచి వెళ్లేవాళ్లని తర్వాత తెలిసింది.) ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మా బావ కత్తిని అడగకుండా తీసుకెళ్లి, పసుపు ఉడికించే బాయిలర్‌లో పెట్టాను. కత్తితో కోయాలి గానీ కత్తిని వండకూడదని నాకు ఎవరూ విడిగా చెప్పలేదు.

బావ అంటే మా అక్క భర్త, దుబాయిలో హోటల్ వంటవాడు. అక్కడ వంటవాళ్లకు ఎవరి కత్తి వాళ్లకు ఉంటుందట. ఒకరి కత్తి ఇంకొకరు ముట్టరట. మా బావ కత్తి, ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ తాను రిటైరై వెళ్లేటప్పుడు చేతిలో పెట్టి ఇచ్చినది. దాని పిడి నల్లగా, చాప అల్లికలాంటి గీతలతో, ఎటు తిప్పితే అటు మెరిసేది. కార్బన్ ఫైబర్. ఆ సెలవులో వచ్చినప్పుడు బావ దాన్ని నా చేతిలో పెట్టి, "చూడు బామ్మర్దీ, ఎంత అల్కగ ఉందో, చేతుల ఉన్నట్టే లేదు. కర్ర పిడి లెక్క నీళ్లు తాగది, ఉబ్బది, పగుల్లు రావు. గిసోంటిదే విమానాలల్ల గూడ వాడుతరు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఏదో చెప్పాడు. మరిగే నీళ్లు తగలనియ్యొద్దు, ఎండలో పెట్టొద్దు, బండ మీద పడేయొద్దు అని. కానీ నా చెవులు విమానం దగ్గరే ఆగిపోయాయి.

బావ పాత కాంట్రాక్టు అయిపోయింది. ఇంకో పెద్ద హోటల్ వాళ్లు ఆ వారంలోనే హైదరాబాద్‌లో ట్రయల్ పెట్టారు. వాళ్ల ముందు నిలబడి కోసి, వండి చూపించాలి. నచ్చితే వీసా, లేకపోతే లేదు. అందుకని బావ ముందురోజే ఏవో కాగితాల పని మీద నిజామాబాద్ వెళ్లాడు. కత్తి మెత్తటి గుడ్డలో చుట్టి అలమారలో ఉంది. అదే రోజు మా కల్లంలో పసుపు ఉడికిస్తున్నారు. గుడ్డ విప్పి, కత్తిని అట్టముక్కలో చుట్టి, సంచిలో వేసుకుని కల్లానికి పోయాను. గొప్ప చూపించుకోవడానికి తప్ప ఇంకెందుకూ కాదు.

మా ఊళ్లో పసుపు ఉడికించే యంత్రం ఒకాయన అద్దెకు తిప్పేవాడు. అందరం ఆయనను బాయిలర్ కాక అనేవాళ్లం. పసుపు కొమ్ములు నింపిన డ్రమ్ములోకి ఆవిరి వదిలి ఉడికిస్తారు. ఉడికేటప్పుడు పైన గుడ్డలో కట్టిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, పెట్టడం మా దగ్గర రివాజు. పసుపు వాసనతో అవి ఉడికితే, ఆ రుచి ఇంట్లో పొయ్యి మీద రమ్మన్నా రాదు. నేను కత్తి తీసి చూపించగానే కాక దాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉంది గని పిలగా, గిది ప్లాస్టికే గదా" అన్నాడు.

విమానానికి వాడేదాన్ని ప్లాస్టిక్ అంటాడా! "ప్లాస్టిక్ కాదు కాకా, కార్బన్ ఫైబర్! నీళ్లు తాగది, ఉబ్బది, ఏం జేసినా ఏం గాదు దీనికి" అన్నాను.

"ఏం జేసినానా? నా బాయిలర్ ఆవిరికి పార కర్రలే వంకర్లు పోతున్నయ్."

"అవి కర్రలు. ఇది గట్ల కాదు."

"మరి పెడుదామా?"

"పెట్టు!"

ఆ ఒక్క 'పెట్టు' అనకుండా ఉంటే ఈ కథే లేదు. కాక సగం నవ్వులాటకే అన్నాడు. చేయి వెనక్కి కూడా తీసుకున్నాడు. "అద్దు రా, మీ బావ నన్ను తిడుతడు" అన్నాడు. వెనక్కి తగ్గితే నేనెట్లా అవుతాను? కత్తిని గుడ్డలో చుట్టి, నా చేత్తో నేనే కందగడ్డల పక్కన పెట్టి, మూత వేశాను.

మూత తీసేసరికి ఆవిరి కమ్మేసింది. ముందు కందగడ్డలు తీశారు. మెత్తగా, అద్భుతంగా ఉడికాయి. తర్వాత కత్తి తీశాను. కోసే అలుగు, అంటే ఇనుప భాగం, అట్లాగే తళతళలాడుతోంది. పిడి చివర మాత్రం ఒక పక్క బద్ద ఇనుము మీద నుంచి లేచి, ఆకలేసిన కోడిపిల్ల నోరులా తెరుచుకుని ఉంది. కాక ఊదుకుంటూ కందగడ్డ తిని, తీరిగ్గా అన్నాడు: "గడ్డ ఉడికింది. కత్తి గూడ ఉడికింది."

"ఉడకలే కాకా. జర ఉబ్బింది అంతే."

"ఉబ్బదంటివి గద రా!"

కల్లంలో కూలీలంతా నవ్వారు. నేను మాత్రం ఫైబర్‌కు ఏమీ కాలేదని, ఊడింది లోపలి జిగురు అంటు మాత్రమేనని గొంతు చించుకున్నాను. (అది నిజం కూడా. కానీ నిజం చెప్పే సమయం అది కాదు.) ఇంటికి వచ్చి, సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ పూసి, తొందరగా ఆరుతుందని వంటింటి రేకుల మీద ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి రెండో పక్క బద్ద కూడా నోరు తెరిచింది. అప్పటిదాకా ఒక్క కోడిపిల్లే ఆకలితో ఉండేది.

అక్క ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఆమె తలెత్తకుండానే, "ఏందిరా, రేకుల మీదికి ఎందుకెక్కినవ్?" అంది. నా చేతిలో కత్తి చూడగానే ఆకు కత్తిరిస్తున్న ఆమె కత్తెర ఆగిపోయింది. "నా కత్తెర ఎవ్వలు ముట్టినా నేను ఊకుంటనా? చెయ్యి గుర్తువట్టిన కత్తెర అది. ఆయన కత్తి నువ్వెట్ల ముట్టినవ్ రా?" అంది. నేను ఇంకా గట్టిగా మాట్లాడాను. సరుకు మంచిది కాదన్నాను, దుబాయి పేరు చెప్పి ఎవడో అంటగట్టాడన్నాను. అలమారలో ఉండగానే ఊడిందని కూడా అన్నాను. అక్క నన్నొకసారి చూసి, మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ కత్తెర చప్పుడు తిట్టు కంటే గట్టిగా వినిపించింది.

సాయంత్రం బావ వచ్చాడు. ఆయనకూ అదే కథ చెప్పాను, ఇంకా పొగరుగా. తిడతాడనుకున్నాను, తిడితే ఎదురు తిరగడానికి తయారుగా ఉన్నాను. ఆయన తిట్టలేదు. పిడి మీద గోటితో టకటక కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మంచం మీద కూర్చుని, "అట్లనా?" అన్నాడు. కత్తిని ఒళ్లో పెట్టుకుని, "మా ఉస్తాద్‌కు తెల్వకుండ ఉంటదా? ఊడేదే ఇచ్చిండా నాకు?" అన్నాడు, నన్ను కాదు, కత్తిని అడుగుతున్నట్టు.

అక్కడ నా పొగరంతా దిగిపోయింది. ట్రయల్‌కు కత్తి పాడైందని ఆయన బాధపడితే నేను తట్టుకునేవాణ్ణేమో. నా అబద్ధం వల్ల, తన చేయి పట్టుకుని పని నేర్పిన మనిషి మీదే ఆయనకు అనుమానం వచ్చింది. అది నేను చేసిన పని. "బావా, ఉస్తాద్ తప్పు లేదు. నేనే బాయిలర్ల పెట్టిన" అన్నాను.

"దేంట్ల పెట్టినవ్?"

"బాయిలర్ల. కందగడ్డల తోని."

బావ పిడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నోరు గట్టిగా బిగించుకున్నాడు. చివరికి ఆగలేక అడిగాడు: "కందగడ్డలు మంచిగుడికినయా?" లోపలి గదిలో అక్క కత్తెర కింద పడేసి నవ్వింది. అప్పుడు మా బావ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పూర్తవకముందే, "ట్రయల్‌కు ఇంకో కత్తి తోని నా చెయ్యి నడువదు రా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంటుంది.

ఆ మాట మీదే నేను లేచాను. హార్డ్‌వేర్ దుకాణంలో రెండు ట్యూబుల్లోది కలిపి పూసే గట్టి అంటు తెచ్చాను. బావ చెబుతుంటే, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని (ఆ నల్ల దుమ్ము పీల్చకూడదట, యార్డులో పనిచేసేవాడికి ముక్కుకు గుడ్డ కొత్తా?) పాత జిగురంతా గీకి, తుడిచి, ఆరబెట్టి, కొత్త అంటు పూసి, బద్దలు అతికించాను. నొక్కిపెట్టడానికి బిగింపులు లేవు. అలుగుకు గోనె చుట్టి, పిడిని రెండు చెక్కల మధ్య పెట్టి, యార్డుకు తీసుకుపోయి పసుపు బస్తాల కింద పెట్టాను. దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. రాత్రి లారీకెత్తే హమాలీలు బస్తా లేపబోతే, "గది ముట్టకుండ్రి!" అని అరిచాను. "లోపట బంగారమున్నదా ఏంది?" అన్నారు వాళ్లు. "మా బావ చెయ్యి ఉంది" అన్నాను. పిచ్చివాణ్ణనుకుని పక్క వరుస నుంచి ఎత్తుకుపోయారు.

మర్నాడు తీసి చూస్తే పిడి అంటుకుంది. గోటితో కొడితే గట్టిగా పలికింది. కాకపోతే అంటులో బస్తాల పసుపు దుమ్ము కలిసి, నల్లటి పిడి పొడుగునా సన్నటి పసుపు గీత పడింది. ఎంత రుద్దినా పోలేదు. నేను తల దించుకునే బావకిచ్చాను. ఆయన దాన్నే సంచిలో పెట్టుకుని ట్రయల్‌కు పోయాడు. అక్కడ పరీక్షించే పెద్దాయన కత్తి చూసి, ఈ గీతేమిటని అడిగాడట. "మా బామ్మర్ది వెట్టిన పసుపు బొట్టు సార్" అన్నాడట మా బావ. ఉద్యోగం వచ్చింది. కోత చూసి ఇచ్చారు, బొట్టు చూసి కాదు. అయినా నేను ఊళ్లో మాత్రం రెండో రకంగానే చెప్పుకున్నాను.

ఆనాటి నుంచి బావ సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆ కత్తిని నేనే కడుగుతాను. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. నానబెట్టను, పీచుతో తోమను. తుడిచి, నీడలో ఆరబెట్టి, అలుగుకు చుక్క నూనె రాసి, గుడ్డలో చుట్టి ఆయన చేతికే ఇస్తాను. ఆయన అడగలేదు, నేను మానలేదు. "నీ అంగీలు గింత మంచిగ ఉతుక్కుంటె ఆ పసుపంతా పోతుండె గదరా" అంటుంది అక్క, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని బీడీలు చుడుతూ.

బాయిలర్ కాక మాత్రం ఎక్కడ కనబడ్డా వదలడు. మొన్న సంతలో అందరి ముందూ, "ఏం పిలగా, ప్లాస్టికేనా?" అన్నాడు. నాకు చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, ఆయనకు నెరవడానికి వెంట్రుకలే మిగల్లేదు. అయినా నేను ఊరుకోలేదు. కార్బన్ ఫైబర్‌కు ఆనాడూ ఏమీ కాలేదు, ఈనాడూ ఏమీ కాదు, ఎవడైనా వెధవ ఉడకబెడితే తప్ప అన్నాను.

"గా వెధవ ఎవలో?" అన్నాడు కాక.

"నేనే" అన్నాను, ఇంకా గట్టిగా. ఆ వాదన మాత్రం నేనే గెలిచాను.