రుక్మాబాయి అరెస్టు, గల్లీ జమానత్

శాలిబండలో మా గల్లీ చివర రుక్మాబాయికి మూడు బర్రెలు, ఒక రేకుల కొట్టం, చెప్పుకోదగ్గ మంచి పేరు ఉండేవి. వీటన్నిటిలో ఆమె ప్రాణం పేరు మీదే. "పాలల్ల నీళ్ల సుక్క కలిపితే నా కండ్లు పోవాలె" అని క్యాన్ మీద చెయ్యి వేసి చెప్పేది. మేం నమ్మాం. ప్యాకెట్ పాలు కొనేవాళ్లను చూసి నేనైతే జాలిపడేదాన్ని కూడా.

ఆమెకున్న ఒకే ఒక జబ్బు ఫోన్. తెలియని నంబరు నుంచి వస్తే నేను ఎత్తను, ఎత్తినా నాలుగు తిట్టి పెట్టేస్తాను. రుక్మాబాయికి ఫోన్ చేసినవాళ్లు ఇంటికొచ్చినవాళ్లతో సమానం. వాళ్లంతట వాళ్లు "ఉంటా" అనేదాకా పెట్టదు. క్రెడిట్ కార్డు ఇస్తానని చేసిన ఒక అమ్మాయిని "తిన్నవా బిడ్డా" అని అడిగి, ఆ పిల్లకు తలనొప్పని తెలుసుకుని, శొంఠి అరగదీసి పట్టు వేసుకోమని చెప్పింది. ఆ పిల్ల కార్డు సంగతే మరిచిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "ఏదో ఒకనాడు మునుగుతవ్ అక్కా" అన్నాను.

రంజాన్ పండుగ ముందు రోజు సాయంత్రం ఆ మునిగే ఘడియ రానే వచ్చింది. షీర్ ఖుర్మా పాయసానికి పాల కోసం గల్లీ అంతా క్యాన్లు, గిన్నెలు పట్టుకుని కొట్టం ముందు లైన్ కట్టింది. అందరికంటే ముందు రాబియా. యాకుత్‌పురాలో ఉండే తన ఆడబిడ్డ షీర్ ఖుర్మా నీళ్లలా ఉంటుందనీ, తనది గరిటె నిలబడేంత చిక్కగా వస్తుందనీ, అదంతా చేతి గుణమనీ ఏడాది పొడుగునా చెబుతుంది. నేను లైన్లో బాగా వెనకాల ఉన్నాను.

రుక్మాబాయి ఇంట్లోంచి వచ్చింది. ఫోన్‌ను హారతి పళ్లెంలా మొహానికి ఎదురుగా పట్టుకుని నడుస్తోంది. ఫోన్‌లో పోలీసు ఇన్‌స్పెక్టర్ బట్టలు వేసుకున్న మనిషి కనిపిస్తున్నాడు.

"ఏమైందక్కా?" అంది రాబియా.

"ఎవ్వరికీ చెప్పొద్దన్నడు సాబ్" అని రుక్మాబాయి లైన్ చివరిదాకా వినపడేలా చెప్పింది. "నన్ను అరెస్ట్ చేసిన్రు. ఫోన్ల అరెస్టంట. నా పేరు మీద పార్సిల్ వచ్చిందంట, దాంట్ల మత్తు మందు ఉన్నదంట."

"అక్కా, వాడు దొంగ. పోలీసు గాదు, ఏం గాదు. పెట్టెయ్" అని అరిచాను. వెళ్లి లాక్కునేదాన్నే, కానీ పండుగ ముందు లైన్లో జాగా వదిలితే మళ్లీ ఎవరిస్తారు?

"ఎట్ల పెడత? ఆయన ఇంక ఉంటా అనలే" అంది.

ఫోన్‌లో మనిషి హిందీలో ఉరిమాడు. రుక్మాబాయి హిందీలో సగం తెలుగే కాబట్టి నేను మొత్తం తెలుగులోనే చెప్పేస్తున్నాను. గది దాటొద్దంటే ఎక్కడికి పోతున్నావన్నాడు.

"నా చెయ్యి పడితేనే బర్రె పాలు చేపుతది సాబ్. ఇంతమంది నిలబడ్డరు. మీరు గూడ రాండ్రి" అని ఫోన్‌ను దాణా బస్తా మీద నిలబెట్టి పాలు పిండడానికి కూర్చుంది. పెద్ద బర్రె మెడ చాపి ఇన్‌స్పెక్టర్ మొహాన్ని ఒకసారి నాకింది.

మా గల్లీలో ఒక పద్ధతుంది. ఎవరినైనా ఠాణాకు తీసుకుపోతే తప్పా ఒప్పా అని అడగం. ముందు అందరం పోయి ఠాణా బయట నిలబడతాం, పెద్దమనిషి లోపలికెళ్లి జమానత్ ఇచ్చి మనిషిని విడిపించుకొస్తాడు. తిట్టడం ఇంటికొచ్చాకే. ఆ పెద్దమనిషి, గడియారాలు బాగుచేసే దస్తగీర్ భాయ్. ఠాణా ఫోన్‌లోనే ఉందని తెలియగానే ఆయన టోపీ సరిచేసుకుని దాణా బస్తా ముందుకొచ్చాడు. వెనకాలే గల్లీ అంతా క్యాన్లతో వచ్చి నిలబడింది. లైన్ ఎలాగూ చెదిరింది కాబట్టి నేనూ పోయాను.

"సలాం సాబ్. రుక్మక్కకు నేను జమానత్. కాయితం పంపుండ్రి, సంతకం పెడత" అన్నాడు.

"ఎవరు మీరంతా? ఇది రహస్య విచారణ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రహస్యమే సాబ్. ఈడ బయటోళ్లు ఎవ్వరు లేరు."

"మత్తు మందా?" అంది రాబియా. "పాన్ తింటేనే ఆమెకు తల తిరుగుతది."

ఇన్‌స్పెక్టర్‌కు చిర్రెత్తింది. "జమానత్ లేదు, ఏమీ లేదు. రుక్మాబాయీ, నువ్వు చేసిందంతా మాకు తెలుసు. నీ నోటితో ఒప్పుకుంటావా, జైల్లో వేయమంటావా?"

పాలధార ఆగింది. రుక్మాబాయి లేచి నిలబడి ఫోన్‌కు చేతులు జోడించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఒప్పుకుంట సాబ్. నీళ్లు కలిపిన. రోజు కలుపుత. క్యానుకు ఒక చెంబు, ఎండాకాలం రెండు."

లైన్లో వాళ్లంతా ఎవరి క్యాన్‌లోకి వాళ్లు చూసుకున్నారు.

"ఏం నీళ్లు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బోరు నీళ్లే సాబ్, మంచియే. గని పండుగ పాలల్ల ఎన్నడు కలపలే. దసరాకు గాని, రంజాన్‌కు గాని, ఆ పాపం మాత్రం చెయ్యలే."

"చెంబు ఎంతది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇక లొల్లే లొల్లి. మా ఇంట్ల పెరుగు గందుకేనా గట్టిగ కాదని ఒకరు, నీ కండ్లు ఇంక ఎట్ల ఉన్నయని ఇంకొకరు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఇన్నేళ్లు ప్యాకెట్ పాలవాళ్ల మీద వృథా చేసిన జాలి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్ మధ్యలో తన పార్సిల్ సంగతి ఎత్తబోయాడు, మేం వాణ్ని నోరు మూసుకోమన్నాం. వాడు ఫోన్ పెట్టేశాడు. "ఉంటా" అని కూడా అనలేదు.

రుక్మాబాయి పీట మీద కూలబడింది. "జైలుకు పోయినా బాగుండు. పేరు పాయె" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు కోపం పోలేదు గానీ అరవడం ఆపేశాను.

"తిట్టుడు అయిందా?" అన్నాడు దస్తగీర్ భాయ్ మా అందరితో. "జమానత్ ఇచ్చిన. ఇచ్చినంక ఎనక్కి తీసుకునుడు ఉండదు. రేపటి సంది ఈమె పిండేటప్పుడు నేను ఈడ కూసుంట." అన్నట్టే ఇప్పుడు రోజూ సాయంత్రం కొట్టంలో కుర్చీ వేసుకుని, కంటికి గడియారాల అద్దం పెట్టుకుని కూర్చుంటున్నాడు. చెంబును బర్రెలకు అందనంత ఎత్తున మేకుకు తగిలించారు, బర్రెలే ఏదో చేసినట్టు.

ఆ లొల్లిలో నోరు మెదపనిది రాబియా ఒక్కతే. ఖాళీ క్యాన్ పట్టుకుని ఏదో లెక్క తేలనట్టు నిలబడింది. అందరూ చల్లబడ్డాక మెల్లగా అడిగింది.

"అక్కా, అంటే ఆ పండుగ పాలతోనేనా ఏటా నా షీర్ ఖుర్మా గంత చిక్కగ వచ్చేది... నా చేతి గుణం గాదా?"

రుక్మాబాయి ఆ క్యాన్ అందుకుని నిండా పాలు పోసింది.

మర్నాడు రాబియా ఎప్పటిలాగే ఇంటింటికీ గిన్నెలు పంపింది, మొదటి గిన్నె రుక్మాబాయికే. గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. బాగుందనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నేను రెండు గిన్నెలు తిని ఖర్జూరాలను మెచ్చుకున్నాను. ఇప్పుడు యాకుత్‌పురా ఆడబిడ్డ కూడా రుక్మాబాయి దగ్గరే పాలు పోయించుకుంటోంది.

రుక్మాబాయిని రాబియా ఎప్పుడో క్షమించింది. క్షమించనిది ఇన్‌స్పెక్టర్‌ని. రోజూ పాలకొచ్చినప్పుడు వాడు ఫోన్ చేశాడా అని అడుగుతుంది. "మల్ల చేస్తే పెట్టెయ్యకు అక్కా, నాకియ్యి" అంటుంది. పెట్టేయడం రుక్మాబాయికి ఎలాగూ రాదు.