పంపు మీద కదలని అంకె

"అత్తమ్మా, ఆరు దినాల సంది ఈ పంపు మీద అంకె కదుల్తనే లేదు. మీరు మందు గుంజుతలేరు."

"మందు మిగిలిందని సంతోషపడు. ఖాళీ అయితే మళ్ల కొత్తది తేవాల్నా వద్దా?"

"దాచిపెట్టుకునేతందుకు అదేమన్న బియ్యమా? రాత్రంతా మీ గొంతుల పిల్లికూతలే. గోడవతల పక్కింటి ఆపా గూడ అడిగింది, మీ అత్తకు ఏమైందని."

"గోడలు పల్చగ కట్టిన్రు. దానికి నేనేం జెయ్యాలె?"

మా కోడలు నవ్వలేదు. ఆయాసానికి నేను వాడే పంపును నా ముక్కు ముందు పట్టుకుని నిలబడింది. నొక్కినప్పుడల్లా ఒకటి తగ్గే అంకె దాని వీపు మీద ఉంటుంది. ఆ అంకెను మోసం చేయడం కష్టమేమీ కాదు, పూటకు రెండుసార్లు కిటికీలోంచి గాలిలోకి నొక్కితే చాలు. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. మొదటి రోజే కిటికీ దాకా వెళ్ళాను. మంచి మందును గల్లీ పాలు చేయడానికి నా వేలు ఒప్పుకోలేదు. అలా పట్టుబడ్డాను.

పంపు ఎందుకు మానేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మానేయడానికి ముందు రోజు కళ్ళ డాక్టరు నా కంట్లో ప్రెషర్ పెరిగిందన్నాడు. ఏం మందులు వాడుతున్నావని అడిగితే పంపు సంగతి చెప్పాను. అందులో స్టెరాయిడ్ ఉంటుందనీ, దానివల్ల కూడా కొందరికి కంటి ప్రెషర్ పెరగవచ్చనీ, నా అంతట నేను ఆపకుండా ఛాతీ డాక్టర్ని అడిగి రెండు వారాల్లో రమ్మనీ చెప్పాడు. ఆ మాటల్లో మొదటి సగమే నా చెవిలో నిలిచింది. అడగడానికి మళ్ళీ ఛాతీ డాక్టరుండే కార్వాన్ దాకా ఎవరు పోతారని నేనే తేల్చేసుకున్నాను.

మా అక్కకు ఇలాగే కంటి ప్రెషర్ పెరిగి, నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. చివరి రోజుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు గోడ తడుముకుంటూ వంటింట్లోకి వచ్చేది. నేను చీరలకు ఫాల్ కుడతాను. మూడో తరగతి దాటని నాకు వచ్చిన విద్య సూది ఒక్కటే. ఈ వయసులో కూడా దారం నేనే ఎక్కించుకుంటాను, ఎవర్నీ అడగను.

చివరికి ఈ కళ్ళ సంగతి చెబితే కోడలు కాస్త మెత్తబడింది కానీ వదల్లేదు.

"ఊపిరే ఆడకపోతే కండ్లు పెట్టుకొని ఏం జేస్తరు అత్తమ్మా?"

"కండ్లు లేకపోతే ఊపిరి పెట్టుకొని ఏం జెయ్యాలె? కూసొని ఊదుకుంట..."

మిగతా మాట దగ్గులో పోయింది. దగ్గు ఆగేసరికి కోడలు చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది. నా సంచిలో పంపు, గొట్టం, మందుల చీటీలు అన్నీ సర్దేసింది. ఆటో పిలవద్దని సైగ చేశాను. అప్పటికే పిలిచిందట.

ఛాతీ డాక్టరమ్మ చిన్న పిల్ల, నా మనవరాలి కంటే ఏ పదేళ్ళో పెద్దది. ముందు ఛాతీ మీద చెయ్యి, ఆ తర్వాత యంత్రం పెట్టి చూసింది. ఆరు రోజులు ఆపినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఇంట్ల ఎట్ల గుంజుతరో గట్లనే గుంజి చూపియ్యుండ్రి అమ్మా," అంది.

సంచిలోంచి గొట్టం తీశాను. ఒక కొసన పంపు బిగించాను. రెండో కొసన ఉన్న మాస్కును మూతికి అదుముకుని ఒకసారి నొక్కి, గుంజి, వదిలాను. నా కళ్ళద్దాల మీద మసక కమ్మింది. అలవాటుగా కొంగుతో తుడుచుకోబోయాను.

డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, అద్దాలు తీసి వెలుగుకు పట్టి చూసింది. "రోజు గిట్లనే అయితదా?"

"అయితది. మా గల్లీల దుమ్మెక్కువ."

"ఈ మాస్కు ఎవరిది?"

"మా మనవరాలిది. చిన్నప్పుడు దానికీ ఆయాసముండె. మంచిగనే ఉన్నదని కడిగి దాచిపెట్టిన."

"ఇప్పుడెంతుంటది మనవరాలు?"

"కాలేజీకి పోతది."

మా కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ఆ మాస్కును నా మూతి దగ్గర పెట్టి చూపింది. "ఇది రెండేండ్ల పిల్లది. మీకు సాల్తలేదు. పక్కలకెల్లి మందు లీకయ్యి పైకి, సీదా కండ్లల్లకే పోతున్నది. ప్రెషర్ అంతా దీనివల్లనే అని నేను చెప్పలేను. మీ అక్కకుండె, మీకు గూడ రావొచ్చు. ముందుగాల కండ్లకు మందు కొట్టుడు బంద్ చేద్దాం."

"పోయినసారి గొట్టం ఉన్నదా అని మీరడిగిన్రు, ఉన్నదన్న. ఏ గొట్టమని మీరడగలే," అన్నాను. నాకు ఎవరితోనూ మాట పడే అలవాటు లేదు.

"నిజమే, నేను అడగాల్సి ఉండె," అని ఆమె ఒప్పుకుంది. పళ్ళ మధ్య పెట్టుకునే గొట్టం రాసింది. పంపు ఆపవద్దంది. కళ్ళ డాక్టరు మళ్ళీ చూశాక మోతాదు తగ్గించవచ్చో లేదో ఆలోచిద్దామంది. ఆయనకు ఒక చీటీ కూడా రాసి ఇచ్చింది. కంటి ప్రెషర్‌కు వేసే కొన్ని రకాల చుక్కలు ఆయాసమున్నవాళ్ళకు పడవట, అందుకని నా ఆయాసం సంగతి అందులో రాసిందట.

పాత గొట్టానికి మాస్కు పీకేస్తే సరిపోతుంది కదా అని అడగబోయాను. కోడలు నా మోచేయి గట్టిగా పట్టుకుంది. కొత్తది కొన్నాం.

ఇంటికొచ్చాక కోడలు పడేసిన ఆ చిన్న మాస్కును చెత్తబుట్టలోంచి తీసి కడిగాను. నూనె సీసా మీద గరాటులా పెట్టి చూశాను. దానికీ సరిపోలేదు.

మరునాడు పొద్దున కొత్త గొట్టం పళ్ళ మధ్య పెట్టుకుని రెండుసార్లు మందు గుంజాను. కోడలు పక్కన నిలబడి అంకె చూసుకుంది. నీళ్ళు పుక్కిలించి ఉమ్మాను. ఆయాసం ఇంకా పూర్తిగా తగ్గలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోవడానికి ఇంకో వారం ఉంది. అద్దాలు తుడుచుకుందామని కొంగు పట్టుకున్నాను. అద్దాల మీద మసక లేదు. కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించాను. రెండోసారికి ఎక్కింది.