చిటపటల మేస్త్రి లాంచీ ఆపిన రోజు

రేవులో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. చిటపటల మేస్త్రి అంటే చాలు, ఇటు ఒడ్డువాళ్లూ అటు ఒడ్డువాళ్లూ లాంచీ వైపు చెయ్యి చూపిస్తారు. ఆయన భార్య మాత్రం, "మా ఆయనకి కోపం రాదమ్మా. ఎప్పుడో వచ్చింది, పోలేదంతే" అంటుంది.

ఆ లాంచీ పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా జనాన్ని నది దాటిస్తుంటుంది. పైన చక్రం పట్టేది సరంగు. ఆయన మేస్త్రికి స్వయానా బావమరిది. టికెట్లు చింపేది మేస్త్రి భార్య. కింద, నిటారుగా నిలబడితే తల పైకప్పుకి కొట్టుకునే గదిలో, ఇద్దరు మనుషులంత పొడవున్న డీజిల్ ఇంజనుతో కాపురం చేసేది మేస్త్రి. ఇంటిల్లిపాదీ ఒకే లాంచీలో ఉంటే వచ్చే చిక్కేమిటంటే, పోట్లాడి అలిగి వెళ్లిపోదామన్నా నీళ్లు తప్ప చోటుండదు.

ఆ రోజు ఇంజనుకి ఆయిలూ ఫిల్టర్లూ మార్చాలి. రేవుకి కట్టేసి, ఆయిలు వేడి మీద ఉండగానే దించేశాడు మేస్త్రి. ఫిల్టర్ల దగ్గరికొచ్చేసరికి మొదలైంది. పాలక్యానంత ఫిల్టరు, పట్టీ వేసి తిప్పితే కదలదు. రెండు చేతులా పట్టి, కాలు గోడకి తన్నిపెట్టి లాగితే పట్టీ జారి మోచెయ్యి వెళ్లి పైపుకి తగిలింది.

"ఒరేయ్, పోయినసారి దీన్ని బిగించింది ఎవడు?" అని పైకి అరిచాడు.

"నేనే బావా. నీకు నడుం నొప్పి అంటే నేను బిగించాను" అంది పైనుంచి సరంగు గొంతు.

"చేత్తో బిగించి వదిలెయ్యమన్నానా లేదా? ఇదేమన్నా పగబట్టి బిగించాల్సిన వస్తువా?"

"లూజుగా ఉంటే కారుతుందని."

చివరికి ఫిల్టరు ఊడింది. ఊడుతూ ఊడుతూ అందులోని నల్లటి ఆయిలు చొక్కా చేతిలోంచి చంక దాకా పాకింది. మేస్త్రి పళ్లు నూరుకుంటూ పాత రబ్బరు రింగు కూడా ఊడి వచ్చిందో లేదో చూసి, కొత్త ఫిల్టరు రింగుకి వేలితో ఆయిలు రాసి, తనకి కావలసినంత మెత్తగా బిగించాడు. రెండోదీ అంతే. ఆయిలు పోసి ఇంజను తిప్పాడు. ఎక్కడా చుక్క కారలేదు. అది కూడా ఆయనకి తృప్తినివ్వలేదు. పైన సరంగు అప్పటికే గంట కొట్టి జనాన్ని ఎక్కించుకుంటున్నాడు.

మేస్త్రికి ఇంకో పని మిగిలే ఉంది. విప్పిన ఫిల్టర్ని ఆయన ఎప్పుడూ ఊరికే పారెయ్యడు. డబ్బా కోసి, లోపలి కాగితాన్ని మడత మడతా విప్పి, వెలుతురులో పెట్టి చూస్తాడు. ఇంజను లోపల ఏది అరుగుతున్నా దాని పొడి అక్కడే చిక్కుకుంటుంది. డబ్బా కొయ్యడానికి ఒక కట్టర్ ఉంది. అది పెట్టెలో లేదు.

"కట్టర్ ఏదిరా?"

"ఎదురింటి ప్లంబరు అడిగితే ఇచ్చాను బావా. ఇచ్చేస్తానన్నాడు."

"నీ ముక్కు అడిగితే అదీ ఇచ్చెయ్" అని మేస్త్రి విసురుగా ఇనుప రంపం తీసుకుని పరపరా కోసేశాడు. పచ్చి చిరాకులో కోశాడు. కాగితం బయటికి లాగి తట్టలో పరిచి కిటికీ దగ్గర పెట్టాడు.

కాగితం మీద ఎండలో సన్నగా తళుకులు మెరిశాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే లేచి అంటుకున్నాయి. ఇనుము.

మేస్త్రి ఒంట్లోని చిరాకంతా ఎవరో పీల్చేసినట్టు పోయింది. ఆయన కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, అప్పటి పెద్ద మేస్త్రి, అంటే తర్వాత మామగారైన మనిషి, ఫిల్టర్లు వచ్చే వారం చూద్దాంలే అంటూ నెట్టుకొచ్చాడు. ఒకరోజు నడి నదిలో ఇంజను పట్టేసింది. లాంచీ అడ్డం తిరిగి, ప్రవాహంలో కొట్టుకుపోయి, ఇసుక మేట మీద ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అంతసేపూ కింద చీకట్లో ఉన్న కుర్ర మెకానిక్కి, పైన జనం ఏడుపులు తప్ప ఏమీ తెలియలేదు.

ఇంజను ఆపేసి నిచ్చెన ఎక్కి పైకొచ్చాడు. లాంచీ నిండా జనం. ఒక దర్జీ కుట్టుమిషన్ని ఇద్దరు మోసి అప్పుడే లోపల దించారు.

"అందర్నీ దింపెయ్" అన్నాడు సరంగుతో.

వీడు ఎందుకంటాడు, ఏమైందంటాడు, నువ్వెప్పుడూ ఇంతేనంటాడు, అప్పుడు చెబుతాను వీడి పని అని సిద్ధంగా ఉన్నాడు. సరంగు ఆయన మొహం చూశాడు. చక్రం వదిలి జనం వైపు తిరిగాడు.

"అమ్మా, అయ్యా, దిగండి. ఇంజను బాగోలేదు. బస్సులో వంతెన చుట్టూ వెళ్లండి."

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కరోజూ చెప్పిన మాట వినని మనిషి ఈ రోజే ఎందుకు వినాలి? జనం తిట్లన్నీ టికెట్ల దగ్గరున్న ఆయన భార్య మీద పడ్డాయి. దర్జీ అయితే కుట్టుమిషన్ పక్కనే కూర్చుని, "నన్ను ఎక్కించినవాళ్లే దించాలి" అన్నాడు.

ఇంజను చల్లారేదాకా ఆగి, మేస్త్రి దాని పక్క మూతలు విప్పాడు. లైటు పట్టుకుని, చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్క బేరింగునీ తడిమాడు. కడ్డీతో కదిపి చూశాడు. గేర్ల పళ్లు గోటితో గీకి చూశాడు. అన్నీ నున్నగా, బిగువుగా ఉన్నాయి. ఏదో ఒకటి విరిగి కనిపిస్తే బాగుండునన్నంత విసుగొచ్చింది.

"నువ్వు గేరు దబాదబా వేస్తావు. అందుకే ఇదంతా" అన్నాడు, టీ పట్టుకుని దిగిన సరంగుతో. "ఒడ్డు చేరేటప్పుడు ఇంజన్ని చావబాదుతావు."

సరంగు టీ గ్లాసు పక్కన పెట్టి, తట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. తళుకుని ఒకదాన్ని వేలికొసకి అంటించుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బావా, దీనికి ఒక పక్క పసుపు రంగుందేంటి?"

"ఏ రంగు?"

"పసుపు. ఇదిగో. గేర్లకి పసుపు రంగు వేస్తారా?"

మేస్త్రి లాక్కుని చూశాడు. తర్వాత పక్కన పడున్న ఫిల్టరు డబ్బా చూశాడు. పసుపు డబ్బా. కాగితం మళ్లీ విప్పి చూస్తే, తళుకులన్నీ కోసిన అంచు దగ్గరే ఉన్నాయి. లోపలి మడతలు శుభ్రంగా ఉన్నాయి. ఇనుప రంపంతో కోస్తే డబ్బా పొడి కాగితం మీద రాలుతుందని, అందుకే కట్టర్ వాడాలని, ఆ సరంగుకి లెక్కలేనన్నిసార్లు చెప్పింది ఆయనే.

"కట్టర్ ఇచ్చింది నువ్వు" అన్నాడు మేస్త్రి.

"కోసింది నువ్వు" అన్నాడు సరంగు.

"నేను దింపమంటే ఎందుకు దింపావు మరి? ఒక్కమాట అడగాల్సింది. అడిగితే తట్ట చూపించేవాణ్ని, అక్కడే తేలిపోయేది."

సరంగు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. "అప్పుడు ఇంజను పట్టేసిన రోజు నేను పైనే ఉన్నాను బావా. నాన్న వెంట సరదాగా ఎక్కాను. ఇసుకలో ఒరిగేదాకా కమ్మీ పట్టుకుని వేలాడాను. అమ్మకి చెప్పొద్దన్నాడు నాన్న, ఎవరికీ చెప్పలేదు. ఇంజను సంగతి నాకేం తెలుసు. నీ మొహం అట్లా ఉంటే నేను లాంచీ కదపలేను."

మేస్త్రి ఆ గ్లాసు లాక్కుని తానూ ఒక గుక్క తాగాడు. "టీలో చక్కెర ఎక్కువైంది" అన్నాడు.

మూతలు బిగించి, మధ్యాహ్నానికి లాంచీ వదిలారు. ఎందుకాగిందని అడిగినవాళ్లందరికీ సరంగు, "చిన్న చెకింగ్" అని చెప్పాడు. బావ పేరు ఎత్తలేదు. ఆ మర్యాద కూడా మేస్త్రిని సాయంత్రం దాకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇంటికి నడిచి వెళ్తుంటే భార్యతో అన్నాడు. "అప్పుడు మీ తమ్ముడు లాంచీలోనే ఉన్నాడట."

"తెలుసు. నిద్రలో చాలాకాలం కలవరించేవాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె టికెట్ల సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాను. మీరు ఎవర్నైనా మాట్లాడనిస్తేగా" అంది.