ముఖాలు లేని గ్రూప్ ఫొటో

ఒక ప్రభుత్వ కార్యాలయంలోని సిబ్బంది ముఖాలన్నిటినీ ఒక్క వేలితో, కన్నుమూసి తెరిచేలోగా మాయం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే ఈ పేజీ తిప్పకండి. ఆ ఘనుణ్ణి నేనే. తుఫానులూ భూకంపాలూ కూడా చెయ్యలేని పని అది. అవి వచ్చి పోయాక కనీసం ఎవరి ముఖం ఎవరిదో తెలుస్తుంది.

ఏషియాడ్ క్రీడల కోసం ఢిల్లీ అంతా తవ్విపోసి ఫ్లైఓవర్లు కడుతున్న రోజులు. నేను ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని వచ్చి, కేంద్ర ప్రభుత్వపు డిజైన్ ఆఫీసొకదానిలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. కరోల్ బాగ్‌లో మేడ మీద ఒంటిగది. నా ఆస్తి వివరాలు: మడత మంచం, కిరసనాయిలు స్టవ్వు, స్లైడ్ రూలు, ఆవకాయ జాడీ, సెకండ్ హ్యాండ్ రష్యా కెమెరా. ఆ కెమెరా ఎంత బరువంటే, దాన్ని మెడలో వేసుకుని నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు నేనేదో తప్పు చేసి తల దించుకున్నాననుకునేవారు.

కెమెరాతో పాటు నాకొక జబ్బు కూడా వచ్చింది. ఆదివారాలు వెళ్ళే ఫొటో క్లబ్బులో ఒక పెద్దాయన, "వస్తువును చూడకు, ఆకారాన్ని చూడు" అన్నారు. మిగతావాళ్ళకు అది సలహా. నాకు ఇంజక్షన్. మర్నాటి నుంచి లోకంలో చెట్లూ ఇళ్ళూ మనుషులూ కనబడటం మానేసి వృత్తాలూ త్రిభుజాలూ వంపులూ మాత్రమే మిగిలాయి. జిలేబీ కొంటే తినేవాణ్ణి కాదు, వెలుగుకు పట్టుకుని తిప్పి చూసేవాణ్ణి. తోపుడుబండి మీద కాలీఫ్లవర్లు నాకు గుమ్మటాలు. సగం కట్టిన ఫ్లైఓవర్ స్తంభాలు, వాటి నీడల గీతలు, ఆ గీతల మధ్య పడుకున్న కుక్క వీపు వంపు... చాలు, మళ్ళీ మొదలైపోతుంది నాకు.

మా ఇంటి ఓనరమ్మ ఒకరోజు నిలదీసింది.

"బేటా, మా అత్తగారు కొత్త శాలువా కప్పుకుని ఎండలో కూర్చుంటే, నువ్వు ఆవిడ వెనకున్న నీళ్ళ పైపు ఫొటో తీస్తున్నావా?"

"ఆంటీజీ, ఆ పైపు వంపు ఒక్కసారి చూడండి. అచ్చం..."

"హాయ్ రబ్బా! పైపు వంపట!" అని ఆవిడ అత్తగారి కుర్చీని నా కెమెరాకు అందనంత దూరం జరిపించింది.

ఇక మా ఆఫీసు సంగతి. మా పెద్ద, సూపరింటెండింగ్ ఇంజనీరు విశ్వనాథం గారు. రాజమండ్రి మనిషి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉంటారు. ఆయనకొక మహిమ ఉంది. ఆయన గది తలుపుకు మసక అద్దం. బయట నిలబడి మనం తలుపు తట్టబోతుండగానే లోపలి నుంచి పిలుపు వచ్చేది. "ఆయియే మల్హోత్రాజీ." "రావోయ్ ప్రసాదూ." ఒక్కసారి కూడా పేరు తప్పలేదు. సాబ్‌కు మూడో కన్నుందని, ఫైళ్ళు మోసే మా దఫ్తరీ రామ్‌దీన్ నమ్మకం. నేను టెక్నికల్ మనిషిని కదా, అడుగుల చప్పుడుతో గుర్తుపడుతున్నారని సిద్ధాంతం కట్టాను. రుజువు కోసం ఒకరోజు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, పిల్లిలా నడిచి వెళ్ళాను.

"రావోయ్ ప్రసాదూ. బూట్లు చేత్తో పట్టుకొచ్చావేం?" అన్నారు లోపల్నుంచి.

ఆ సిద్ధాంతం ఆరోజే చచ్చిపోయింది. నిజం ఏమిటో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. ఆకారాల వేటలో ఉన్నాను.

ఆ చలికాలంలో విశ్వనాథం గారు రిటైరవుతున్నారు. భార్య కామేశ్వరి గారితో కలిసి రాజమండ్రిలో కట్టుకున్న కొత్తింటికి వెళ్ళిపోతున్నారు. ఇద్దరూ అడిగిన బహుమతి ఒకటే: ఆఫీసు వాళ్ళందరి గ్రూప్ ఫొటో, పెద్దది, ఫ్రేము కట్టించి.

"కొత్తింట్లో హాలు గోడకు మేకు కూడా కొట్టించేశాం నాయనా," అన్నారు కామేశ్వరి గారు. "దాని కోసం అక్కడ ఇంకేం తగిలించకుండా ఉంచాం."

ఇలాంటి ఫొటోలు మామూలుగా బజారులోని స్టూడియో ఆయన వచ్చి ఆఫీసు గోడ ముందు తీసిపోతాడు. నేను ఆయన్ని వద్దనిపించి, ఈ పని నా భుజాన వేసుకున్నాను. అదీ ఎవరిముందు? హెడ్ క్లర్కు మల్హోత్రాగారి ముందు. ఆఫీసులో గడియారం ఆగినా మల్హోత్రాగారిని అడిగి ఆగాలి. అలాంటి మనిషి ఆయన.

"ఇంజనీర్ సాబ్," అన్నారాయన, "గ్రూప్ ఫొటో అంటే ఏమిటో మీకు తెలుసా? ముందు వరసలో కుర్చీలు. కుర్చీల్లో గెజిటెడ్ ఆఫీసర్లు. మధ్య కుర్చీలో సాబ్. వెనక నిలబడేవాళ్ళు గ్రేడు ప్రకారం. కింద పరిచిన దరీ మీద క్లాస్ ఫోర్ బంట్రోతులు. అంగ్రేజ్‌లు పోయారు గానీ ఈ వరస పోలేదు."

"మల్హోత్రాజీ, అది ఫొటో కాదు. సీనియారిటీ లిస్టుకు మీసాలు పెట్టినట్టుంటుంది."

ఆయన అప్పుడు నన్ను చూసిన చూపుకు రీలు పాడైపోవలసింది.

నా పథకం వేరు. లోడీ తోటలో ఒక పాత సమాధి గుమ్మం ఉంది. ఎత్తైన కమాను, అటు నుంచి ఇటు ఆకాశం కనబడుతుంది. ఒక ఆదివారం ఉదయం వెళ్ళి సర్వే చేశాను. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. కమాను కింద నిలబడ్డవాళ్ళ ముఖాల మీద వెన్నలాంటి వెలుగు. పొడుగువాళ్ళు మధ్యలో, పొట్టివాళ్ళు చివర్లలో నిలబడితే తలల వంపు కమాను వంపుకు జోడీ అవుతుంది. గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నాను కూడా. ఆఫీసు బీరువా పక్కన నిలబడ్డప్పుడల్లా ఒక్కొక్కరి ఎత్తు కళ్ళతోనే కొలిచేశాను.

సెలవు శనివారం పొద్దున్నే అందరూ పులిహోర, పూరీలు, ఛోలే, కుర్చీలు వేసుకుని తోటకు వచ్చారు. కుర్చీలు మల్హోత్రాగారి కుట్ర.

"కుర్చీలు అక్కర్లేదండీ," అన్నాను. "రామ్‌దీన్ భయ్యా, నువ్వు ఇలా మధ్యలోకి రా."



"మధ్యలోకా?" అన్నాడు రామ్‌దీన్, భయంతో మల్హోత్రాగారి వైపు చూస్తూ. "హుజూర్, మధ్యలో సాబ్ కదా?"

"నువ్వు అందరికంటే పొడుగు. కమాను శిఖరం నీ నెత్తి మీదకు రావాలి. సార్, మీరు దయచేసి... ఆ చివరకు."

"చివరకా!" మల్హోత్రాగారి గొంతు విని గుమ్మటం మీది పావురాలు లేచిపోయాయి. "ఎవరి రిటైర్‌మెంటు ఇది? సాబ్‌దా, దఫ్తరీదా?"

"వెలుగుకు గ్రేడులు తెలియవండీ."

"పే కమిషన్‌కు తెలుసు!"

అక్కడ మొదలైన వాదన పూరీలు చల్లారేదాకా నడిచింది. సర్వీసు రూల్సు వచ్చాయి. జ్యామితి వచ్చింది. స్టెనో నాయర్ మేడమ్, "ఆకలితో నిలబడితే ఎత్తులు తగ్గిపోతాయి. ముందు భోజనం కానివ్వండి" అని తీర్పు చెప్పింది. అందరూ తిన్నారు. ఆ తర్వాత కమలాపండ్లు ఒలిచారు. కొందరు గడ్డి మీద కునుకు తీశారు. నేను ఊరికే ఉన్నానా? పులిహోర గిన్నె అంచు, ఎండిన ఆకు ఈనెలు, నిద్రపోతున్న గెజిటెడ్ పొట్ట వంపు, అన్నీ తీసేశాను. చివరికి రీలులో ఒక్క ఫ్రేము మిగిలింది.

అప్పుడు విశ్వనాథం గారు లేచి చేతులు దులుపుకుని, కమాను కింద సరిగ్గా నేను చెప్పిన చివర నిలబడ్డారు.

"మల్హోత్రాజీ, ఆజ్ కే లియే యే హమారే హెడ్ హైఁ," అని ఆ రోజుకు నన్నే అందరికీ పెద్దను చేసి, నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "వెళ్ళిపోయేవాణ్ణి కదోయ్. చివరే నాకు సరైన చోటు. కానివ్వు."

ఆ మాటతో మల్హోత్రాగారు కూడా కుర్చీ వదిలారు. నేను స్టాండు మీద కెమెరా పెట్టి కన్ను ఆనించాను. అబ్బ! ఏం ఆకారాలండీ! ఒక్కొక్క మనిషీ కాటుకతో గీసినట్టు, ఆకాశం మీద అంచులు తేలి ఉన్నారు. ఉదయం కంటే ఇప్పుడే ఇంత స్పష్టంగా ఎందుకున్నారబ్బా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. సూర్యుడు నా కోసం ఆగలేదు. పూరీలూ సర్వీసు రూల్సూ నడుస్తున్నంతసేపూ ఆయన తన పని తాను చేసుకుంటూ నడినెత్తి దాటి వాళ్ళ వీపుల వెనక్కు దిగాడు. నేను వెలుగు కొలిచే లైట్ మీటరును ముఖాలకు కాక, శ్రద్ధగా ఆ మెరుస్తున్న ఆకాశానికి చూపించి, అది చెప్పిన అంకె శ్రద్ధగా పెట్టుకున్నాను.

"నువ్వు కూడా ఉండాలోయ్ ఇందులో!" అని విశ్వనాథం గారు కేకేశారు.

ఆ కెమెరాకు ఒక చిన్న మీట ఉంది. దాన్ని తిప్పి వదిలితే కాసేపు ఈగలా జుయ్యిమని మోగి, తనంతట తానే ఫొటో తీసుకుంటుంది. దాన్ని తిప్పి పరుగెత్తాను. గడ్డి నిండా కమలాపండ్ల తొక్కలు. ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో ఉండగా వెనకనుంచి వినబడింది.

టక్.

పెద్ద ప్రింటు స్టూడియో నుంచి వీడ్కోలు సభ రోజున గానీ రాలేదు. స్టూడియో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "భయ్యా, ఇది తాంత్రిక సభా?" అని అడిగాడు. చూశాను. కమాను అద్భుతం. దాని వంపు కింద తలల వంపు అద్భుతం. ముఖం మాత్రం ఒక్కటీ లేదు. ఆఫీసు మొత్తం తారులో ముంచి తీసినట్టు నల్లగా నిలబడి ఉంది. ఆ రాత్రి బండికే విశ్వనాథం గారి ప్రయాణం. మళ్ళీ తీసే దారి లేదు. రాజమండ్రిలో మేకు ఎదురుచూస్తోంది.

సభలో దండలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. మల్హోత్రాగారే స్వయంగా ఫ్రేము మీది కాగితం విప్పారు. నేను తలుపుకు దగ్గరగా, పరుగుకు వీలుగా నిలబడ్డాను.

కామేశ్వరి గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ముఖాలేవీ నాయనా?"

"సీనియారిటీ తర్వాత చూద్దాం," అన్నారు మల్హోత్రాగారు, "ఆద్మీ కహాఁ హై? మనిషేడీ? సాబ్ ఇన్నేళ్ళ సర్వీసుకు ఇదా మేమిచ్చేది?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ ముఖాలన్నీ అప్పుడు చాలా స్పష్టంగా కనబడ్డాయి.

విశ్వనాథం గారు మాత్రం ఫొటో మీద నుంచి కళ్ళు తీయలేదు. దగ్గరకు వెళ్ళారు. ఒక నల్లటి ఆకారం మీద వేలు పెట్టారు.

"యే మల్హోత్రాజీ హైఁ."

"నేనా? ఎలా తెలుసు సాబ్?"

"తలుపు తట్టే ముందు భుజం దులుపుకుంటారు మీరు. రోజూ. ఇదిగో, ఇక్కడా దులుపుకుంటున్నారు."

నిజమే. ఫొటోలో చెయ్యి భుజం మీదే ఉంది. మల్హోత్రాగారి చెయ్యి అప్పుడు కూడా భుజం మీదే ఉంది.

"ఇది రామ్‌దీన్. తలుపు ద్వారబంధం తగులుతుందని మెడ వంచే అలవాటు. చూడండి, ఏనుగు పట్టే కమాను కింద కూడా వంచాడు. ఇది నాయర్ మేడమ్. అక్కడ ఫైలు గుండెకు హత్తుకునేది, ఇక్కడ టిఫిన్ డబ్బా." వేలు ఒక్కొక్కరి మీదుగా సాగింది. ఎక్కడా ఆగలేదు, ఒక్క పేరూ తప్పలేదు. "ఇక ఈ గాలిలో వేలాడుతున్నది ప్రసాదు. ఆ బూట్ల రోజు తప్ప, పరుగెత్తకుండా నా గదికి ఏనాడొచ్చాడు గనక!"

నవ్వులు మొదలయ్యాయి. ఆయన మాకేసి తిరిగారు. ఇంగ్లీషూ హిందీ కలిపి చెప్పిన మాటల సారం ఇది:

"నా గది తలుపుకు మసక అద్దం. బయట నడవలో దానికెదురుగా పెద్ద కిటికీ. మీరొచ్చి నిలబడితే వెనకనుంచి వెలుగు. ఇన్నేళ్ళూ మీలో ప్రతి ఒక్కరినీ నేను ముందు చూసింది ఇలాగే. తలుపు తీశాక ముఖాలు మారేవి, ఆఫీసరు ముందు మారక తప్పదు. ఈ ఆకారాలు ఎన్నడూ మారలేదు. మిమ్మల్ని వదిలి వెళ్తున్నాననుకున్నాను. నా తలుపు నాతోనే వస్తోంది."

మల్హోత్రాగారు జేబురుమాలు తీసి ముక్కు చీదారు. రామ్‌దీన్ తన సాబ్ మూడో కన్ను పోయినందుకు కాస్త నొచ్చుకున్నట్టు కనబడ్డాడు.

"ఈ చివర పొట్టాయన మీరేగా?" అన్నారు కామేశ్వరి గారు భర్తతో.

"గుర్తుపట్టావా?"

"పట్టనూ? కాఫీ ఇంకా కాలేదా అని వంటింటి గుమ్మంలో నిలబడేది ఇలాగే." ఆవిడ ఫ్రేమును తన వైపు లాక్కున్నారు. "మేకు గట్టిదే కొట్టించాం. ఇది అక్కడికే."

హాలంతా చప్పట్లు. ఎవరికో తెలుసా? నాకు! పొద్దున్న తాంత్రిక సభ, సాయంత్రానికి కళాఖండం. ఒక్కొక్కరూ ఫొటో దగ్గరకు వచ్చి, "ఈ పొట్ట నాది", "కాదు, ఆ పొట్ట నాది" అని పోట్లాడుకుంటూ కాపీలు అడిగారు. ముఖాలున్న ఏ గ్రూప్ ఫొటోకూ అంత గిరాకీ చూడలేదు.

చివరగా మల్హోత్రాగారు నన్ను పక్కకు పిలిచారు. గొంతు తగ్గించారు.

"ఇంజనీర్ సాబ్, నా ఐడెంటిటీ కార్డుకు కొత్త ఫొటో కావాలి."

"తప్పకుండా మల్హోత్రాజీ. స్టూడియోలో మంచి లైట్లు పెట్టి..."

"లైట్లెందుకు?" అన్నారాయన, భుజం దులుపుకుంటూ. "ఇలాగే తీయండి."

కాబట్టి చదువరులారా, ఆ రష్యా కెమెరా మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ అధికారి వీడ్కోలుకైనా సరే, ఆయన గది తలుపుకు ఎలాంటి అద్దం ఉందో ముందుగా వెళ్ళి చూసుకోకుండా మీట తిప్పను గాక తిప్పను.