మా వాకిట్లో కోర్సు, నా రేటు

నా భర్త తాటిచెట్టు మీది నుంచి పడిన రోజు ఊళ్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి, చేతులు కొందరు, కాళ్లు కొందరు పట్టుకుని, బియ్యం బస్తాను ఎత్తినట్టు ట్రాక్టర్‌లోకి ఎత్తారు. ప్రేమతోనే ఎత్తారు. నది దాటి తెలంగాణ ఆసుపత్రికి తీసుకెళ్తే, పడ్డప్పటికంటే ఎత్తినప్పుడే వెన్నుకు ఎక్కువ దెబ్బ తగిలి ఉంటుందన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఆయన మంచం మీదే. నదికి ఇటు, ఛత్తీస్‌గఢ్ అంచున తర్లగూడ దగ్గర రోడ్డు పక్కన మాకున్న రెండు గదులూ, పెంకుల వసారా వచ్చేపోయేవాళ్లకు అద్దెకిచ్చి, వంట చేసిపెట్టి ఇల్లు నడుపుతున్నాను.

రెండేళ్ల కిందట జగదల్‌పూర్ నుంచి ఒక టూర్ల సేఠ్ వచ్చాడు. ఆసుపత్రి దూరంగా ఉన్న అడవిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేయాలో నేర్పే కోర్సు మా వసారాలో పెడతానన్నాడు. గైడ్లూ, అడవులు చూడడానికి తిరిగే పట్నంవాళ్లూ వస్తారన్నాడు. వాళ్ల దగ్గర మనిషికి ఎనిమిది వేలు వసూలు చేశాడు. నాకు ప్లేటుకు అరవై. గదులకు వేరే ఏమీ లేదు.

"మీ జాగాకు పేరొస్తది బాయీ. పైసలు తర్వాత అవే వస్తయి" అన్నాడు.

ఒప్పుకున్నాను. డబ్బు కోసం కాదు. వెన్ను విరిగిన మనిషిని ఎలా ఎత్తాలో అందులో చెబుతారని విన్నాను.

ఆ పాఠం రెండో రోజు వచ్చింది. పప్పు పొయ్యి మీద వదిలేసి, చేతులు తుడుచుకుని వచ్చి చాప చివర కూర్చున్నాను. సేఠ్ చూశాడు.

"బాయీ, ఇది ఫీజు కట్టినోళ్లకు. మీరు రసోయీ చూస్కోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. అప్పటికే పప్పు మాడింది. లెక్క తేల్చేటప్పుడు ఆ మాడిన పప్పు డబ్బులు కూడా కోసేశాడు.

పాఠం చెప్పినావిడది కిరండూల్. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేయడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడట. వెళ్లే ముందు వంటింట్లోకి వచ్చి టీ అడిగింది.

"బాధపడకక్కా. నాకూ అలాగే సేత్తన్నాడు. కిందటి కోర్సు డబ్బులు ఇప్పటికీ ఇవ్వనేదు."

ఆవిడ నంబరు తీసుకున్నాను. మరుసటి చలికాలం రాకముందే ఫోన్ చేశాను. మన వాకిట్లో మనమే కోర్సు పెడదాం, వస్తావా అన్నాను. వచ్చింది.

నా భర్త మంచం పక్కన కూర్చుని లెక్క వేశాం.

"మనిషికి మూడు వేలు పెడదాం. వాని దగ్గరికి పురుగు కూడా పోవద్దు" అన్నాను.

"కోపం నీది, దండగయ్యే బస్సు చార్జీ నాదా?" అందావిడ. "అక్కా, ఐదుగురొచ్చినా ఇరవైమందొచ్చినా నా ఫీజు మారదు. టెంటు అద్దె మారదు, జనరేటరూ మారదు. బియ్యం, కోడి, కట్లు కట్టే గుడ్డలు, ఇవే మనిషి మనిషికీ పెరుగుతాయి. ఎంతమంది కంటే తక్కువొత్తే మునుగుతావో ముందు అది సూడు."

మూడు వేలైతే వసారా నిండినా నష్టమే అని తేలింది. నష్టమైనా పెడతానన్నాను. మంచం మీది నుంచి నా భర్త అందుకున్నాడు.

"వాణ్ని ముంచుడు సరే. నువ్వు మునిగినంక వాడు గట్టు మీద నిలబడి నవ్వడా ఏంది?"

ఆ మాట పనిచేసింది. మళ్లీ మొదటినుంచి లెక్క కట్టాం. ఈసారి నా వంటకు కూలి వేసుకున్నాను, గదులకు అద్దె వేసుకున్నాను. చివరి నిమిషంలో రానివాళ్ల వల్ల దెబ్బతినకుండా సగం డబ్బు ముందే కట్టించుకోవాలని, అది తిరిగివ్వకూడదని నిర్ణయించాం. ఊరివాళ్లు ముగ్గురు ఉచితంగా కూర్చునే ఖర్చు కూడా అందులోనే కలిపాం. అంతా కలిపి పంచితే మనిషికి ఆరున్నర వేలు. సేఠ్ రేటు కంటే తక్కువ. అయినా మాకు మిగులుతుంది.

సేఠ్ కోర్సు ఏ వారమో కనుక్కుని నేను కూడా అదే వారం పెట్టాను. అది మాత్రం లెక్క కాదు, కక్షే. పాఠం చెప్పే ఆవిడ మా దగ్గర ఉందని తెలిసి అతని దగ్గర పేర్లు రాయించుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు ఫోన్ చేశారు. అతని కోర్సు ఆగిపోయింది. ఈ కోర్సు సర్టిఫికెట్ లేని గైడ్లను పెద్ద టూరిస్టు పార్టీలు వద్దంటున్న రోజులవి. చివరికి ఇద్దరు గైడ్లను జీపులో వేసుకుని తనే వచ్చాడు.

"ఏంది బాయీ, మేడమ్‌నే గుంజుకున్నవా? సరే, మనం మనం ఒకటి. నాతో ముగ్గురికి కలిపి రేటు చెప్పు."

"మనిషికి ఎనిమిది వేలు."

"బోర్డు మీద ఆరున్నర అని రాసినవ్ గదా!"

"అది ముందు చెప్పినోళ్లకు. ఇది ఫీజు కట్టినోళ్ల క్లాసు సేఠ్. కట్టకుంటే రసోయీ అటు పక్క."

గైడ్లు తలలు వంచుకున్నారు. అతను కట్టాడు.

రెండో రోజు వెన్ను పాఠానికి, దెబ్బ తగిలినట్టు నటించే మనిషి కావాలని ఆవిడ అంటే నేనే అతణ్ని చూపించాను. నేల మీద పడుకోబెట్టాం. తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో అతని తలను కదలకుండా పట్టుకున్నాను. ఎండ ముఖం మీద కొడుతోంది. ఈగ ముక్కు మీద వాలింది. తల తిప్పబోయాడు.

"కదలొద్దు సేఠ్. కదిలితే నా మొగుని లెక్క మంచం పడతవ్" అన్నాను.

అతని కళ్లు వసారా లోపలి మంచం వైపు తిరిగి, మళ్లీ నా మీదికి వచ్చాయి. అతని కణతలు నా అరచేతుల కింద కొట్టుకుంటున్నాయి. జాలి కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు. మిగతావాళ్లు చేతులు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరుగా నేర్చుకునేదాకా అతణ్ని అలాగే ఎండలో ఉంచాను. ఆ తర్వాత అందరం కలిసి, వెన్ను వంగకుండా, ఒకేసారి ఎత్తాం. అంత జాగ్రత్తగా ఎత్తుతుంటే నాకు ఏడుపొచ్చింది. అది అతని కోసం కాదు.

సేఠ్ సొంత కోర్సులు మానేశాడు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, కొత్త గైడ్లను పంపుతాడట. పాత కస్టమర్‌ని కదా, తగ్గించమన్నాడు. ఇంకో ఐదు వందలు ఎక్కువ చెప్పాను. ఒప్పుకున్నాడు.

"ఇగ సాలు, ఇడిసిపెట్టరాదే" అన్నాడు మంచం మీది నుంచి నా భర్త.

"ఇంకా సాలలేదు" అన్నాను.