హెపారిన్ సీసాలో నిలిపిన సూది

1997లో నల్లగొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో డయాలిసిస్ టెక్నీషియన్‌గా చేరాను. రెండు మిషన్లు, ఐదుగురు రోగులు. హోదాలో డాక్టరుగారి కింద, నర్సుల పక్కన. నా లెక్కలో మాత్రం అందరికన్నా పైన.

మరుసటి ఏడాది హైదరాబాదుకు పంపిన రక్తపరీక్షల్లో ముగ్గురికి హెపటైటిస్ సి తేలింది. రక్తం ద్వారా అంటుకుని, ఏళ్లతరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని తినే వ్యాధి అది. మా దగ్గర చేరేనాటి పరీక్షలో ముగ్గురిలో ఎవరికీ కనబడలేదు. దాని మూలాన్ని పట్టుకున్నది నేనేనని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. పట్టుకున్నది మహబూబీ. ఆ ముగ్గురిలో ఒకడైన గాజుల వ్యాపారి ఖాజామియా భార్య.

మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఎక్కిస్తాం. అందరికీ ఒకటే సీసా. ప్రతిసారీ రబ్బరు మూతను పొడవడమెందుకని ఒక సూదిని అందులోనే నిలిపి ఉంచేవాణ్ణి. మధ్యలో ఇంకో మోతాదు కావాలంటే, రోగి రక్తపు గొట్టానికి తగిలించిన సిరంజినే తెచ్చి ఆ సూదికి బిగించి తోడేవాణ్ణి.

మంచం పక్కన కూర్చున్న మహబూబీ అది చూసింది. "అన్నా, గా సిరంజి మా ఆయనకు పెట్టిందే గదా? మల్ల సీసాకే పెడ్తున్నవేంది? మా ఇంట్ల తొక్కు జాడీల ఎంగిలి చెంచా ముంచితే మా అత్త చేతులిరగ్గొడ్తది."

"తొక్కూ మందూ ఒక్కటేనా చెల్లె?" అని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎవరి రక్తంలోనో పరీక్షకు దొరకకుండా దాగి వచ్చిన రోగాన్ని ఆ సిరంజితో సీసాలోకి, సీసానుంచి మిగతావాళ్లకు ఎక్కించింది నేనే.

మేనేజరు పిలిచి, రోగం బయటినుంచే తెచ్చుకున్నారని రిజిస్టరులో రాయమన్నాడు. ముగ్గురినీ ఇక రావద్దని చెప్పమన్నాడు. వారానికి రెండుసార్లు హైదరాబాదు పోలేని ఖాజామియాకు ఆ మాట చావు కబురే.

అక్కడ బల్లగుద్ది మాట్లాడానని చెబుతుంటాను. అంత లేదు. కానీ రాయమన్నది రాయలేదు. "ఒకే సీసా, వాడిన సిరంజి, తోడింది నేను" అని రాసి సంతకం పెట్టాను.

"నౌకరి పోతది, ఎరికేనా?" అన్నాడు.

"పోనియ్యిండ్రి సార్. రిజిస్టరు మాత్రం డాక్టరు సారు దగ్గరికి పోతది."

డాక్టరుగారు రెండుసార్లు చదివారు. ఒక మిషన్‌ను ఆ ముగ్గురికే కేటాయించారు. ఒక్కొక్కరికి వేరే సీసా, వాడిన సిరంజి నేరుగా చెత్తడబ్బాలోకి. నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. మహబూబీ ఆ తర్వాత ప్రతిసారీ సిరంజి కవరును తన ముందే చింపించింది. అదీ న్యాయమే.

నేను నేర్చుకున్నది ఒకటే. రోగం మన చేతినుంచి అంటినప్పుడు, ఆ రోగిని గుమ్మం దాటించే హక్కు మనకు లేదు.