వకీలు సారు పెట్టిన కేసు

నా చిన్నప్పుడు మేము ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనకవీధిలో ఉండేవాళ్ళం. గాలి లేచిందంటే చాలు, పత్తి నూగు వీధంతా ఎగిరేది. ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద, మా తలల మీద వాలేది. మా నాయన మిల్లులో హమాలీ. పత్తి బేళ్ళకు గుచ్చి లాగడానికి ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఇనుపకొక్కెం ఉండేది. మనిషి ఎంత బలమైనవాడో అంత నెమ్మదస్తుడు. ఇంట్లో మా మీద ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే ఆ రోజు నేను ఎందుకంత భయపడ్డానో మీకు తెలియదు.

మా బడి వీధి చివర్లో ఉండేది. పెద్దసారును అందరూ వకీలు సారు అనేవాళ్ళు. ఆయన లా చదివి, కోర్టులో కొన్నేళ్ళు వాదించి, ఆ నల్లకోటు విప్పేసి బడిలో చేరారు. ఎందుకు వదిలేశారో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవాళ్ళు. వాదించడం చేతకాలేదని కొందరు, ఆయన విడిపించిన మనిషే బయటికొచ్చి ఇంకొకణ్ణి నరికాడని కొందరు. మా తరగతిలో ఒక పిల్ల ధైర్యం చేసి ఆయన్నే అడిగింది. ఆయన నవ్వి, "కోర్టులో నా కాడికి అంతా అయిపోయినాక వస్తాండిరి. మీరు ఇంకా ఏమీ కాకముందే దొరికినారు" అన్నారు. అప్పుడు మాకు అందులో సంగతి ఏమీ తోచలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు సైకిలు మీద వచ్చి తన గది తానే ఊడ్చుకునేవారు. ఉతికిన తెల్లచొక్కా తప్ప ఇంకొకటి వేసుకోగా చూడలేదు. బడికి ముందు టీ హోటల్లో కూర్చుని పేపరు పైకి చదివేవారు. చదువు రాని హమాలీలు చుట్టూ చేరి వినేవాళ్ళు. మా నాయన కూడా వినేవాడు. చదవడం అయ్యాక, "ఇది రాసినోళ్ళు చెప్పిన మాట. రెండోవాళ్ళు ఏమంటారో రేపు చూద్దాం" అని మడిచి పెట్టేవారు. బడిలో బెత్తం ఉండేది కాదు. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరు ఏం చేశారో చెప్పమనేవారు. అంతటితో వదిలేవారు కాదు. నేను కొట్టిన పిల్ల తరఫున నేను వాదించాలి, ఆ పిల్ల నా తరఫున వాదించాలి. దానికంటే నాలుగు దెబ్బలు తినడం నయమని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు లేచింది. కోసిగిలో ఒక పిల్ల పోయిందంట, కౌతాళం కాలవ గట్టున సంచిలో దొరికిందంట. అందరి మాటల చివరా 'అంట' ఉండేది. ఆ 'అంట' ఎవరికీ వినబడేది కాదు.

ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తే మా అమ్మ జుట్టు విరబోసుకుని వీధిలో పరిగెడుతోంది. నాలుగేళ్ళ మా తమ్ముడు కనబడలేదు. మా అవ్వ కూడా ఇంట్లో లేదు. పొద్దున అమ్మకూ అవ్వకూ మాటామాటా పెరిగింది కాబట్టి, ఆమె అలిగి ఎవరింట్లోనో కూర్చుందిలే అనుకున్నారు తప్ప, ఆ రెండింటినీ కలిపి ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు. పక్కింటి అత్త వచ్చి, పాత ఇనుముకు బొరుగులు ఇచ్చే మనిషి పొద్దున తమ్ముడికి దోసెడు బొరుగులు పెట్టాడని చెప్పింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి, ఆ మనిషి తమ్ముణ్ణి సంచిలో వేసుకుని పోయాడని అయింది.

నేను మిల్లు గేటు దగ్గరికి పోయేసరికి ఆ బొరుగుల మనిషిని కరెంటు స్తంభానికి కట్టేశారు. తుంగభద్ర అవతల నుంచి వచ్చే కన్నడ మనిషి. మా నాయన వయసే ఉంటుంది. నూలు తాళ్ళతో చేతులు వెనక్కి విరిచి కట్టారు. బొరుగుల సంచి చించేశారు. అవి నేలంతా తెల్లగా పరుచుకుని కాళ్ళ కింద నలుగుతున్నాయి. నాకు తెలిసిన మామలు, చిన్నాయనలు, పండగకు మాకు బెల్లం పెట్టే చేతులు, ఆ చేతులే కట్టెలతో వాణ్ణి బాదుతున్నాయి. ఆ చప్పుడు నేను ఇంతకు ముందు విన్న ఏ చప్పుడులాగానూ లేదు. తడిబట్టను బండ మీద ఉతికినట్టు మొదట, తర్వాత ఎండుపుల్ల విరిచినట్టు. వాడి నోటి నుంచి పళ్ళూ నెత్తురూ కలిసి గడ్డం మీదికి కారుతున్నాయి. "నానల్ల అణ్ణా, నానల్ల" అంటున్నాడు. నేను కాదన్నా అని. ఒకడు రాయి తీసుకుని ముఖం మీద కొట్టాడు. కన్ను ఉండే చోట ఎర్రటి ముద్ద కనబడింది. జనం అరిచారు. ఆ అరుపులో నాకు సంతోషం వినబడింది. అది ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందరి ముందూ మా నాయన ఉన్నాడు. కొక్కెం పిడి తిప్పి పట్టుకుని, "నా కొడుకు యాడ? సెప్పరా, యాడ?" అని అడుగుతూ, జవాబు వినకుండా డొక్కలో పొడుస్తున్నాడు. ఆ ముఖం మా నాయనది కాదు. నేను పిలిచాను. వినలేదు. ఒక చెయ్యి నన్ను వెనక్కి తోసేసింది.

నేను బడికి పరిగెత్తాను. ఎందుకు అటే పరిగెత్తానో నాకే తెలియదు. పెద్దసారు టిఫిను గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "సార్, మా నాయన మనిషిని సంపుతాండాడు" అన్నాను. ఆయన చెయ్యి కూడా కడుక్కోలేదు. సైకిలు తీసి ముందు కూర్చోమన్నారు. దారిలో కనబడిన ఒక సారును పోలీసుల కోసం పంపించారు.

గుంపును చీల్చుకుని పోయి, స్తంభానికి వీపు ఆనించి, ఆ మనిషిని తన వెనక పెట్టుకుని నిలబడ్డారు. కేకలు వెయ్యలేదు. తరగతిలో అడిగినట్టే అడిగారు. "పిల్లోణ్ణి ఈ మనిషి ఎత్తుకపోతాంటే చూసినోళ్ళు ఎవరప్పా? ముందుకు రాండి."

"బొరుగులు పెట్టినాడు సార్!" అని ఎవరో అరిచారు.

"బొరుగులు అమ్మేవాడు బొరుగులే పెడతాడు. ఎత్తుకపోయేది ఎవరు చూసినారు?"

ఒకరు పక్కవాళ్ళను చూపించారు, వాళ్ళు ఇంకొకరిని చూపించారు. చివరికి పక్కింటి అత్త, "నేను బొరుగుల మాటే సెప్పినా, నేనేం సూల్లేదు" అని ఏడ్చింది. వెనక నుంచి మిల్లు మేస్త్రి, "వాని ముఖం చూస్తేనే తెలుస్తాండాదే, ఇంకా సాక్ష్యాలేంటికి, కొట్టండిరా!" అని కేకేశాడు.

సారు మా నాయన వైపే చూశారు. "ఈయప్ప ఎత్తుకపోయినాడో లేదో నాకు తెల్దు. నీకూ తెల్దు. ఎత్తుకపోయింటే పిల్లోడు యాడుండాడో చెప్పాల్సింది ఈ నోరే. దీన్ని పగలగొట్టి ఎవరిని అడుగుతావప్పా?"

మా నాయనకు మాటలు చేరే దశ దాటిపోయింది. "జరుగు సార్!" అని కొక్కెం మొన ముందుకు తిప్పి చెయ్యి విసిరాడు. అది సారు భుజంలో దిగి మోచేతి దాకా చీల్చుకుంటూ వచ్చింది. తెల్లచొక్కా తెరుచుకుంది, లోపల చర్మం తెరుచుకుంది, ఆ లోపల తెల్లగా ఇంకేదో కనబడింది. ఒక్క క్షణం తర్వాతే నెత్తురు వచ్చింది. సారు స్తంభం వదల్లేదు. పళ్ళు బిగబట్టి, ఎంతో మామూలుగా, "ఈయన నీళ్ళు అడుగుతాండాడు" అన్నారు.

మా నాయన చేతిలోంచి కొక్కెం జారిపోయింది. వెనకవాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు. తాళ్ళు విప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను విప్పాను. ముడులు నెత్తురుతో తడిసి బిగిసిపోయి వేళ్ళకు చిక్కలేదు. చివరకు పళ్ళతో లాగాను. ఆ మనిషి నా మీదికే ఒరిగాడు. సారు మా నాయనతో, "నడువప్పా, ఇద్దరం ఎత్తుదాం. నాకు ఒక చెయ్యే పనిచేస్తాండాది" అన్నారు. బేళ్ళు మోసే తోపుడుబండి మీద ఆ మనిషిని పడుకోబెట్టి, మా నాయనే తోసుకుంటూ ఆసుపత్రికి తీసుకుపోయాడు. పోలీసులు దారిలో ఎదురొచ్చి, ముందు ఆసుపత్రికి పొమ్మన్నారు.

దీపాలు పెట్టే వేళకు ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. బస్టాండులో ప్రతి ముఖాన్నీ వెతుకుతున్న నాయన చెయ్యి పట్టుకుని నేనూ ఉన్నాను. ఆ చేతి మీద నెత్తురు ఎండి పెచ్చులు కట్టింది. బస్సులోంచి మా అవ్వ దిగింది. ఆమె చంకలో తమ్ముడు. కోడలి మీద అలిగి, మగ్గాల వీధిలో ఉండే తన చెల్లెలింటికి పిల్లవాణ్ణి తీసుకుని పోయిందట. వాడు నాయనను చూసి నవ్వి చేతులు చాపాడు. నాయన ఎత్తుకోలేదు. మురుగుకాలవ పక్కన కూలబడి, కడుపులో ఏమీ మిగలనంత దాకా కక్కుకున్నాడు.

మర్నాడు పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. ఫిర్యాదు ఇచ్చింది వకీలు సారే. ఆసుపత్రి మంచం మీద నుంచి, తాను చూసినవాళ్ళందరి పేర్లూ చెప్పారు. మేస్త్రి కొట్టడం తాను చూడలేదనీ, కొట్టమని కేకెయ్యడం మాత్రం విన్నాననీ అంతే చెప్పారు. వీధి పెద్దలు పళ్ళు తీసుకుని ఆసుపత్రికి పోయారు. పిల్లలు గలవాడు, మాఫీ చెయ్యమని బతిమాలారు. "నా చేతి దెబ్బ నేను ఎప్పుడో మాఫీ చేసినా. ఆ మనిషి కన్ను నాది కాదు గదప్పా, నేను మాఫీ చేసేదానికి" అన్నారట. పళ్ళు మాత్రం పక్కమంచం మీద ఉన్న ఆ మనిషికి ఇమ్మన్నారట.

మా అమ్మ నన్ను బడి మానిపించింది. నాతో మాట్లాడడమూ మానేసింది. మాట్లాడితే ఒకటే మాట: "నువ్వు పోయి ఆయన్ని పిలవకుంటే నా మొగుడు జైల్లో ఉండునా?" నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని.

చెయ్యి మెడకు కట్టుకుని సారు ఒకరోజు మా గడపలోకి వచ్చారు. అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. దుమ్మెత్తి పోసింది. ఆమె అలసిపోయే దాకా ఆయన నిలబడే ఉన్నారు. తర్వాత, "అమ్మా, ఇంకో నాలుగు దెబ్బలు పడింటే ఆ మనిషి సచ్చిపోతాండె. అప్పుడు మీ ఆయన మీద ఉండేది హత్య కేసు. ఈ పాప నన్ను పిలిచి ఆ మనిషిని ఒక్కణ్ణే కాపాడలేదు" అన్నారు. అమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఆయన ఇంకొక మాట చెప్పారు. "నాయన కోసం మంచి వకీలును మాట్లాడినా. నాతోపాటు చదివినోడు. నా సాక్ష్యాన్ని గట్టిగా అడ్డం తిప్పి అడగమని చెప్పినా." మర్నాడు మా అమ్మే నాకు జడ వేసి బడికి పంపింది.

పోలీసులు నన్నూ సాక్షిగా రాసుకోబోతే ఆయన ఒప్పుకోలేదట. తండ్రి మీద బిడ్డ చేత చెప్పించద్దు, తానూ అక్కడ ఉన్నానని, తన సాక్ష్యం చాలని అన్నారట. కోర్టులో అమ్మ పక్కన కూర్చుని ఆయన చెప్పింది విన్నాను. మా నాయన కొక్కెంతో ఎక్కడ పొడిచాడో, ఎలా పొడిచాడో ఒక్క మాట తగ్గించకుండా చెప్పారు. బిడ్డ పోయాడన్న భయంలో ఉన్న తండ్రి అని కూడా చెప్పారు. బిడ్డ దొరకకముందే, ఆ మనిషి దొంగ అని ఇంకా నమ్ముతూనే, అతన్ని బండి మీదికి ఎత్తి ఆసుపత్రికి తోసింది ఈయనే అని కూడా చెప్పారు. ఆ మాట దగ్గర మా నాయన బోనులో రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. జడ్జి అడిగితే, "కొట్టినాను సామీ" అన్నాడు. మిగతావాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు.

శిక్ష పడింది. అనుకున్నదానికంటే తక్కువే పడింది. నాయన తిరిగొచ్చాక మళ్ళీ బేళ్ళు మోశాడు. ఆ మనిషి ఒంటికన్నుతో కొన్నాళ్ళు మా వీధి తప్పించి తిరిగాడు, తర్వాత ఆదోనికే రావడం మానేశాడు. నాయన ఆయన కోసం నది దాటి రెండు మూడు ఊళ్ళు వెతికాడు కానీ దొరకలేదు. ముసలితనంలో ఒకసారి నాతో అన్నాడు: "ఆ సారు నన్ను ఊరికే వదిలేసింటే, నేను లోపల ఆ మనిషిని రోజూ కొడతానే ఉందునమ్మా. జైలుకు పోయినాక చెయ్యి ఆగింది."

నేను ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి ఒక జీవితకాలం అయింది. కిందటేడు మా చిన్నోడు, బండి తగిలిందన్న గొడవలో ఒక కాలేజీ పిల్లవాణ్ణి కింద పడేసి ముక్కు పగిలేదాకా తన్నాడు. నేను అరుగు మీద నుంచి చూశాను. నా కొడుకు, నలభై దాటినవాడు. స్టేషనులో ఎస్సై అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను. ఆ పిల్లవాడు ముందు బూతు మాట అన్న సంగతీ చెప్పాను, కింద పడ్డాక కూడా మావాడు ఆగలేదన్న సంగతీ చెప్పాను. కోడలు ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చి, వంకాయ కూర గిన్నెలో పెట్టుకుని, నేనే స్టేషనుకు నడిచిపోయాను. వాడు నా వైపు చూడలేదు. చాలాసేపటికి ఒక రొట్టె తుంచాడు. వాడు తినడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.